బడి పక్కనే గుట్ట ఉండగా థర్మకోల్ అగ్నిపర్వతం ఎందుకు?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు భూమి గురించిన పాఠాలు చాలానే ఉంటాయి. నేలలు, వానలు, నదులు, చెరువులు, భూగర్భజలాలు, గనులు, రుతువులు. అయితే వీటిలో ఎక్కువ భాగం సాంఘికశాస్త్రం పుస్తకంలోనే ఉంటుంది. సైన్సు సారుకు చిన్నదో పెద్దదో ఒక ల్యాబ్ ఉంటుంది. సోషల్ సారుకు ఉండేది గ్లోబు, గోడ మీద పటం. దాంతో చేత్తో పట్టుకుని చూడాల్సిన రాయి, మట్టి, నీరు అన్నీ ల్యాబ్ లేని సబ్జెక్టులో చేరిపోయాయి. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లలు చాలామంది తమ బడి పునాది ఏ రాయితో కట్టారో చెప్పలేరు. తప్పు వాళ్ళది కాదు, ఆ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగలేదు.

ఇక సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే థర్మకోల్ కొండ తయారవుతుంది. అందులో వంటసోడా వేసి, ఎర్ర రంగు కలిపిన వెనిగర్ పోస్తారు. నురగ పొంగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. అక్కడ జరిగింది ఒక ఆమ్లానికీ సోడాకూ మధ్య రసాయన చర్య. అగ్నిపర్వతంలో జరిగేది వేరు. కరిగిన రాయి పైకి వచ్చేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గి, అందులో కలిసి ఉన్న వాయువులు విడిపోయి రాయిని బయటికి నెడతాయి. పైగా తెలంగాణలో ఆ బొమ్మను పోల్చి చూసుకోవడానికి నిజమైన అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. ఆ బొమ్మ చేసిన పిల్లకు అగ్నిపర్వతం గురించి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు, చాలాసార్లు బొమ్మ చేసింది కూడా అమ్మానాన్నలే.

చేసి చూడటం అంటే చేతులు ఊరికే ఉండకపోవడం అనుకుంటే ఇలాగే అవుతుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు పిల్లలు ఏం జరుగుతుందో ఊహించి రాసుకోవాలి. తర్వాత చేయాలి, కొలవాలి. ఊహ ఎక్కడ తప్పిందో మాట్లాడుకోవాలి. చివరగా, ఈ నమూనా అసలు భూమికి ఎంతవరకు సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని తేల్చుకోవాలి. ఈ నాలుగోది దాదాపు ఎవరూ చేయించరు, నిజానికి పాఠం ఉన్నది అందులోనే. ఇంత పనికి కావలసిన సరుకు వరంగల్ చుట్టుపక్కల కొనాల్సిన పని లేకుండా దొరుకుతుంది.

ముందుగా రాయి. ఓరుగల్లుకు ఏకశిలానగరం అని పేరు రావడానికి కోటలోని ఒంటిరాతి గుట్టే కారణం. హనుమకొండ పద్మాక్షి గుట్ట, కాజీపేట చుట్టూ ఉన్న బండలు, ఊరూరా కనిపించే పరుపుబండలు, గుండ్లు దాదాపుగా గ్రానైటే. దాని వయసు 250 కోట్ల ఏళ్ళ అటూ ఇటూ. కరీంనగర్ నుంచి టాన్ బ్రౌన్ పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యేది కూడా గ్రానైటే. పాలిష్ చేసే యూనిట్ల దగ్గర, వంటగది బండలు కోసే షాపుల వెనక పనికిరాని ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. పాలిష్ చేసిన ముఖం ఉన్న ముక్కయితే ఇంకా మంచిది, లోపలి గింజలు స్పష్టంగా కనిపిస్తాయి.

ముక్కను, ఒక చేతి భూతద్దాన్ని ఇచ్చి "ఇందులో ఎన్ని రకాల గింజలున్నాయి?" అని మాత్రమే అడగాలి. పేర్లు అప్పుడే చెప్పకూడదు. గులాబీ రంగువో తెల్లనివో చదునుగా మెరిసేవి, గాజుముక్కలా బూడిద రంగులో ఉండేవి, నల్లగా పొరలు పొరలుగా లేచేవి అని పిల్లలే విడదీస్తారు. ఆ తర్వాత మొదటిది ఫెల్డ్‌స్పార్ అని, రెండోది పలుగురాయి అని, మూడోది అభ్రకం అని చెబితే ఆ పేరు ఒక వస్తువుకు అతుక్కుంటుంది. ఇనుప మేకుతో గీస్తే పలుగురాయి మీద గీత పడదు, అభ్రకం గోటికే లేస్తుంది. అదే మేకును షాబాదు బండ మీద గీస్తే సులువుగా గీత పడుతుంది, రాలిన పొడి మీద నిమ్మరసం వేస్తే చిన్నగా బుడగలు వస్తాయి. గ్రానైట్ పొడి మీద రావు. ఇంట్లో రెండు బండలనూ చూసే పిల్లలకు, ఒకటి సున్నపురాయి, ఇంకొకటి కాదు అని తెలియడానికి ఒక నిమ్మచెక్క చాలు.

తర్వాతి ప్రశ్న, ఈ గింజలు ఇంత పెద్దవి ఎలా అయ్యాయి? దీనికి కిరాణా షాపులో దొరికే పటిక సరిపోతుంది. వేడినీళ్ళలో ఇక కరగనంత దాకా పటిక కలిపి రెండు గ్లాసుల్లో పోయాలి. ఒకటి ఐసు నీళ్ళలో పెట్టాలి, రెండోదాన్ని బట్టల్లో చుట్టి కదపకుండా వదిలేయాలి. మర్నాడు చూస్తే త్వరగా చల్లారిన దాంట్లో సన్నటి పలుకులు, నెమ్మదిగా చల్లారిన దాంట్లో పెద్ద పలుకులు ఉంటాయి. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు నుంచి తెచ్చిన నల్లరాయిని, బసాల్ట్‌ను, గ్రానైట్ పక్కన పెట్టాలి. బసాల్ట్‌లో గింజలు కంటికి కనిపించవు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా నేల మీదికి వచ్చి పరచుకుని, గాలి తగిలి త్వరగా గట్టిపడింది. గ్రానైట్ భూమి లోపల చాలా లోతున, చాలా కాలం పట్టి చల్లారింది. మరి అంత లోతున పుట్టిన రాయి ఇప్పుడు హనుమకొండ నడిబొడ్డున ఎందుకుంది? పైనున్నదంతా ఏమైంది? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచే వచ్చేదాకా ఆగితే, కోట్ల ఏళ్ళ కోత గురించి వేరే చెప్పనక్కర్లేదు. పటిక నీళ్ళలో కరిగి తిరిగి గడ్డకట్టిందని, గ్రానైట్ మాత్రం రాయే కరిగి గడ్డకట్టిందని, రెండూ ఒకటి కాదని కూడా అక్కడే చెప్పేయాలి.

గ్రానైట్ గుట్టల మధ్య అక్కడక్కడా నల్లటి గుండ్ల వరుస గోడలా సాగుతుంది. అది డోలరైట్. గ్రానైట్ గట్టిపడ్డాక వచ్చిన పగుళ్ళలోకి కరిగిన రాయి దూరి గట్టిపడితే ఇలాంటి డైక్‌లు ఏర్పడ్డాయి. "ఈ రెండింట్లో ఏది ముందు పుట్టింది?" అని అడిగితే ఏడో తరగతి పిల్లలు కాసేపు వాదించుకుని సరైన సమాధానానికే వస్తారు. పగిలింది ముందుది, పగులులో చేరింది తర్వాతది. 1213లో పని మొదలైన పాలంపేట రామప్ప గుడిలో ఇసుకరాయి, గ్రానైట్, డోలరైట్ మూడూ ఉన్నాయి, శిఖరంలో తేలికైన ఇటుకలున్నాయి. పాలంపేట టూర్ వెళ్ళే ప్రతి బడీ అక్కడ ఫొటోలు దిగుతుంది. గంటసేపు రాళ్ళను చూసి, ఏ భాగానికి ఏ రాయి వాడారు, సన్నటి చెక్కడానికి నల్లరాయినే ఎందుకు ఎంచుకున్నారు అని రాసుకుంటే అంతకంటే మంచి శిలల పాఠం తెలంగాణలో దొరకదు. అక్కడ మేకు గీతలు, నిమ్మరసం పనికిరావు. గుడి దగ్గర కళ్ళతో చూడటం మాత్రమే, గీతలన్నీ షాపు వెనక ముక్కల మీదే.

రాయి నుంచి మట్టికి దారి సులువు. ఎండకు వేడెక్కి వానకు చల్లబడే గుండ్ల మీద పైపొర ఉల్లిపొరలా ఊడి రావడం అందరూ చూసేదే. ఊడిన ముక్కల్లో ఫెల్డ్‌స్పార్ నీటితో చర్య జరిపి క్రమంగా బంకమట్టిగా మారుతుంది, పలుగురాయి మాత్రం లొంగకుండా ఇసుకగా మిగులుతుంది. చెల్క నేలలు, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలలు, అలా వచ్చినవే. చెల్క మట్టి, నల్లరేగడి, చెరువు ఒండ్రు, మూడూ మూడు నీళ్ళ సీసాల్లో మూడోవంతు చొప్పున వేసి, నీళ్ళు నింపి, గట్టిగా కుదిపి పెడితే ఇసుక నిమిషంలోనే అడుక్కు చేరుతుంది. సన్న ఒండ్రుకు గంటలు పడుతుంది. రేగడి సీసాలో నీళ్ళు మర్నాటికి కూడా తేటపడవు. స్కేలుతో ప్రతి పొర మందం కొలిచి బొమ్మ గీస్తే అది మంచి గ్రాఫు పాఠం కూడా అవుతుంది. అదే రేగడిని తడిపి, నిలువుగా కోసిన ప్లాస్టిక్ పైపు ముక్కలో నింపి వారం ఆరబెడితే అంచులు వదిలేసి కుంచించుకుపోతుంది. చెల్క మట్టి అంతగా కుంచించుకోదు. వేసవిలో పత్తి చేలు అంత లోతుగా ఎందుకు పగులుతాయో, రేగడి మీద కట్టిన ఇంటి గోడలు ఎందుకు చీలతాయో ఈ ఒక్క పనితో అర్థమవుతుంది.

2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసి, ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లతో చేలల్లో పోసుకున్నారు. ఎందుకు పోసుకున్నారో తెలియాలంటే అడుగున బట్ట కట్టిన మూడు సీసాలు కావాలి. ఒకదాంట్లో ఒట్టి చెల్క, రెండోదాంట్లో మూడు పాళ్ళ చెల్కకు ఒక పాలు ఒండ్రు, మూడోదాంట్లో సగం సగం. మూడింట్లోనూ 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కింద ఎంత కారింది, ఎంతసేపట్లో కారింది అని కొలవాలి. తర్వాత పిల్లలు ఇంటికి వెళ్ళి ఎకరానికి ఎన్ని ట్రిప్పులు పోశారో, ఎందుకు పోశారో అడిగి రావాలి. తాత చెప్పిన మాట, సీసా చెప్పిన లెక్క ఒకచోట కలిసినప్పుడు తరగతిలో వచ్చే ఉత్సాహం వేరు. వ్యవసాయం చేసే ఇంటి పిల్లలు సాధారణంగా వెనక బెంచీల్లో ఉంటారు. ఈ పాఠం రోజు వాళ్ళే ముందుంటారు, ఉండాలి కూడా.

నీటి విషయంలో పిల్లల మనసులో గట్టిగా నాటుకున్న తప్పు ఒకటుంది. భూమి కింద నదో చెరువో ఉంటుందని, బోరు దానికి తగిలితే నీళ్ళు పడతాయని అనుకుంటారు. పెద్దవాళ్ళలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. గ్రానైట్ నేలలో నీరు ఉండేది పైనున్న మొరం పొరలో, కింద రాతి పగుళ్ళలో మాత్రమే. పక్కలు కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెద్ద రాళ్ళు సందులు ఉండేలా పేర్చి, పైన మొరం పోసి, నీళ్ళు పోయాలి. లోపల ఏముందో చూడని పిల్లలు పైనుంచి చోటు ఎంచుకుని, మొన దగ్గర బట్ట చుట్టిన సన్నగొట్టం దించి సిరంజితో లాగాలి. సందులోకి దిగిన గొట్టానికి నీళ్ళు వస్తాయి, రాయి మీద ఆగిన దానికి రావు, రెండింటి మధ్య దూరం నాలుగు వేళ్ళే. పక్క చేనులో పడ్డ నీళ్ళు మా చేనులో ఎందుకు పడలేదన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళను అప్పుల్లోకి తోసింది. ఆ ప్రశ్నకు జవాబు పన్నెండేళ్ళ వయసులోనే తెలియాలి. దీంతోపాటు ఊళ్ళో వాడకంలో ఉన్న ఒక చేదబావిలో నీటిమట్టాన్ని, పెద్దవాళ్ళ సాయంతో, బరువు కట్టిన తాడుతో నెలకోసారి కొలిచి తరగతి గోడ మీద గీత గీస్తూ పోతే, జూన్ నుంచి మార్చి దాకా భూగర్భజలం ఎలా లేచి పడుతుందో సంవత్సరం చివర కళ్ళముందు ఉంటుంది.

వానను కొలవడం ఇంకా తేలిక. పక్కలు నిటారుగా ఉండే డబ్బా, స్కేలు, ఒక నోట్‌బుక్కు. మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం లెక్కతో బడి లెక్కను పోల్చాలి. రెండూ కలవని రోజు వస్తుంది, వాన ఊరుకో తీరుగా పడుతుందని తెలిసేది ఆ రోజే. వరంగల్ ప్రాంతంలో ఏడాది మొత్తం సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్ళు. 200 చదరపు మీటర్ల బడి కప్పు మీద ఆ వాన పడితే దాదాపు లక్షా ముప్పై వేల లీటర్లు. ఈ గుణకారం చేసిన పిల్లలకు అదే రోజుల్లో మోరంచవాగు మోరంచపల్లిని ఎందుకు ముంచేసిందో ఊహకు అందుతుంది.

గొలుసుకట్టు చెరువులను ఇసుక ట్రేలోనే చేయొచ్చు. వాలుగా పెట్టిన ట్రేలో మూడు గుంటలు, మూడు కట్టలు. మొదట మత్తడి, అంటే మిగులు నీరు పొర్లిపోయే దారి, లేకుండా మగ్గులతో నీళ్ళు పోయాలి. పై కట్ట తెగగానే కింది రెండూ తెగుతాయి. తర్వాత ప్రతి కట్టకూ ఒక పక్కన రాళ్ళు పరిచిన మత్తడి పెట్టి మళ్ళీ పోయాలి, ఎన్ని మగ్గులు ఆపగలిగిందో లెక్కపెట్టాలి. తూము ఎక్కడుండాలి, మత్తడి ఎంత ఎత్తుండాలి అని పిల్లలు కొట్లాడుకునే దశకు వచ్చాక పాకాల, రామప్ప చెరువుల కట్టలను ఎలా నిలబెట్టారన్న ప్రశ్నకు బరువు వస్తుంది.

ఈ ప్రాంతంలో చెప్పుకోవాల్సిన పెద్ద కథ మాత్రం గోదావరి లోయది. 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కి ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్ దాకా తెలిసింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. ఇక్కడే ఎందుకు? షూ డబ్బాలో రెండు అట్టలను అంచులు కలిసేలా పరిచి, వాటి మీద ఇసుక, బొగ్గుపొడి, ముగ్గు, జాజు పొరలు పొరలుగా వేసి, అట్టలను మెల్లగా చెరో వైపు లాగాలి. మధ్య భాగం మెట్లు మెట్లుగా కుంగుతుంది. ప్రాణహిత, గోదావరి వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి భూమి అలాగే సాగి కుంగింది. కుంగిన పల్లంలో ఇసుక, మట్టి, అడవుల శిథిలాలు పేరుకున్నాయి. 27 కోట్ల ఏళ్ళ అటూ ఇటూ నాటి ఆ అడవులే ఇవాళ్టి సింగరేణి బొగ్గు. పక్కనున్న గ్రానైట్ గట్ల మీద ఆ పొరలు లేవు. బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లి, కొత్తగూడెం పటం మీద ఒక పట్టీలా ఎందుకున్నాయో, భూకంపాలు కూడా ఎక్కువగా ఆ పట్టీలోనే ఎందుకు వస్తున్నాయో ఒక్క డబ్బాతో కలిపి చెప్పొచ్చు. పుస్తకంలో మాత్రం బొగ్గు ఒక పాఠం, భూకంపం ఇంకో పాఠం.

భూకంప కేంద్రాన్ని ఎలా కనిపెడతారో మైదానంలో నడిచి తెలుసుకోవచ్చు. భూకంపంలో ముందొచ్చే అల సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, వెనకొచ్చేది సుమారు మూడున్నర కిలోమీటర్లు పోతుంది. ఇద్దరు పిల్లలు ఒకే చోట నుంచి ఒకేసారి బయల్దేరి, ఒకరు వడివడిగా, ఇంకొకరు నిదానంగా నడవాలి. దూరం పెరిగేకొద్దీ ఇద్దరి రాకకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. ఆ వ్యవధి తెలిస్తే దూరం తెలుస్తుంది. మూడు చోట్ల నిలబడ్డ పిల్లలు తమ దూరం ప్రకారం తాడుతో వృత్తాలు గీస్తే మూడూ కలిసే చోటే కేంద్రం. 2024 ములుగు భూకంప కేంద్రానికి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు కాస్త పైనే ఉంది, అంటే రెండు అలల మధ్య పాతిక సెకన్ల పైన. దీనికి తోడు ఒక సర్వే. ఆ ఉదయం ఇంట్లో గిన్నెలు కదిలాయా, ఫ్యాను ఊగిందా, అసలు తెలియలేదా అని ఇంటింటా అడిగి మండల పటం మీద రంగులు వేయాలి. భూకంపం తీవ్రత ఒకే అంకె, దాని ప్రభావం ఊరికొకలా ఉంటుందన్నది అప్పుడు విడిగా తెలుస్తుంది. రామప్ప పునాదిలో ఇసుక పోశారు కాబట్టే భూకంపాలను తట్టుకుందని గైడ్లు చెబుతారు. గట్టిగా దట్టించిన పొడి ఇసుక మీద ఒకసారి, నీళ్ళు నిండిన వదులు ఇసుక మీద ఇంకోసారి ఇటుక నిలబెట్టి ట్రేను కదిపితే ఫలితాలు ఎంత వేరుగా ఉంటాయో చూసి, గైడును ఇంకో మంచి ప్రశ్న అడగొచ్చు.

భూమి వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు. ఆ కాలం లెక్కకు 46 మీటర్ల తాడు చాలు, మీటరుకు పది కోట్ల ఏళ్ళు. ఇవాళ్టి కొస నుంచి వెనక్కి కొలవాలి. ఓరుగల్లు గ్రానైట్ 25 మీటర్ల దగ్గర, సింగరేణి బొగ్గు రెండున్నర మీటర్లు దాటాక, యామన్‌పల్లి దగ్గర ఎముకలు దొరికి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటాసారస్ డైనోసార్ రెండు మీటర్ల లోపు. కాకతీయుల కాలం ఆ తాడు మీద కంటికి కనిపించదు.

నీడ కర్రతో రుతువుల పాఠానికి ఒక చిక్కుంది. వరంగల్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లే, మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకని నెలకోసారి మధ్యాహ్నం కొలవడమే మేలు. ఆగస్టులో అతి చిన్న నీడ పన్నెండింటికి కాకుండా 12.15 దాటాక పడుతుందని కూడా పిల్లలే పట్టుకుంటారు.

వీటిలో ప్రమాదం ఉన్నవి రెండు. రాయి పగలగొట్టేటప్పుడు గుడ్డలో చుట్టి పెద్దవాళ్ళే కొట్టాలి. నీళ్ళు నిండిన క్వారీ గుంతల దగ్గరికి, కొత్తగా పూడిక తీసిన చెరువుల్లోకి పిల్లలను తీసుకెళ్ళకూడదు. అంచులు నిటారుగా ఉంటాయి, లోతు తెలియదు. ఇందులో మినహాయింపులు ఉండకూడదు.

టైమ్ ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో యాభై మందితో ఇవన్నీ కుదరవు. ఏడాదికి నాలుగు చేసినా, ఊహించడం నుంచి నమూనా లోపాల దాకా పూర్తిగా చేస్తే చాలు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టు పనికి చోటు ఎలాగూ ఉంది, అక్కడ థర్మకోల్ బదులు నోట్‌బుక్కును చూస్తే సగం సమస్య తీరుతుంది. సైన్సు, సోషల్ టీచర్లు ఇద్దరూ కలిసి ఒక శనివారం మధ్యాహ్నాన్ని పంచుకుంటే ఇంకా తేలిక.

ప్రశ్నపత్రం కూడా మారాలి. "శిలలు ఎన్ని రకాలు?" బదులు ఇలా అడగొచ్చు: రంగు మట్టి పొరల ట్రేలో రెండు చోట్ల స్ట్రా గుచ్చి తీశారు. మొదటి చోట నల్లపొర 4 సెంటీమీటర్ల లోతున, రెండో చోట 9 సెంటీమీటర్ల లోతున ఉంది. మధ్యలో ఏముందో గీయండి. ఒకరు ఏటవాలు పొర గీస్తారు, ఇంకొకరు మధ్యలో విరిగి కిందికి జారిన పొర గీస్తారు. రెండింటికీ మార్కులు ఇవ్వాలి. రెండూ గీసి, ఏది నిజమో తేలాలంటే మధ్యలో మరో స్ట్రా గుచ్చాలని రాసిన వాళ్ళకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి. సింగరేణిలో బోర్లు వేసి బొగ్గు పొర ఎటు పోతుందో వెతికేవాళ్ళు చేసే పని అదే.